సోయి లేదని రాసే ముందు

2015 వానకాలంలో ఒకరోజు మా బావ మంచం పక్కన కూర్చొని నేనొక మాటన్నాను. "అక్కా, ఆయన ఇగ లేనట్టే అనుకో. ఎకరం ఇరవై గుంటలు అమ్మి అప్పు కట్టు, పిల్ల పెండ్లి చెయ్యి." గొంతు తగ్గించి అనలేదు. తగ్గించాలని తోచలేదు కూడా. మంచం మీద ఆయన కండ్లు తెరిచే ఉన్నాయి, సీలింగ్ ఫ్యాను వైపు. దవాఖాన కాగితంలో 'వెజిటేటివ్ స్టేట్' అని రాసి ఉంది. మాకు అర్థమయ్యేలా చెప్పమంటే డాక్టరు 'సోయి లేదు' అన్నాడు. సోయి లేని మనిషి ముందు ఏది మాట్లాడితే ఏమిటి అనుకున్నాను.

ఆ మాట ఆయన విన్నాడని ఇప్పుడు నమ్ముతున్నాను. అలా నమ్మడానికి నా దగ్గర కారణాలున్నాయి. అవి ఒక్క మా ఇంటికి సంబంధించినవి కావు కాబట్టి ఇది రాస్తున్నాను.

నాది కోరుట్ల. సర్కారు బడిలో పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. బోర్డు మీద మెదడు బొమ్మ గీసి పెద్దమెదడు, చిన్నమెదడు, మజ్జాముఖం అని పేర్లు రాయించడం నా పని. మెదడు దెబ్బతిన్న మనిషి ఇంట్లో పడుకున్న రోజు ఆ పాఠం నాకు అక్కరకు రాలేదు.

మా బావ దుబాయిలో కట్టడం పని చేసేవాడు. మా దిక్కు ఇంటికొకరు గల్ఫులో ఉంటారు, ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. మా అక్క ఇల్లూ అంతే. 2014 నవంబరులో ఆయన పరంజా మీంచి తలకిందులుగా పడ్డాడు. నాలుగు నెలలు అక్కడి దవాఖానలో ఉన్నాడు. 2015 మార్చిలో స్ట్రెచర్ మీద శంషాబాదులో దిగాడు. గొంతుకు రంధ్రం, ముక్కులో పైపు, మూత్రానికి ఇంకో పైపు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో పదకొండు రోజులు ఉంచాం. అక్కడే ఆ కాగితం రాసిచ్చారు. డబ్బులు అయిపోయాయి. అంబులెన్సులో కరీంనగర్, జగిత్యాల మీదుగా కోరుట్లకు తెచ్చుకున్నాం. ఇంట్లో ముందర అర్రలో మంచం వేశాం, అక్క బీడీల చాట ఆ మంచం పక్కకు జరిగింది.

పేరు సంగతి మొదట చెప్పాలి. సోయి ఉందో లేదో చూడడానికి దవాఖానలో ముందుగా చేసేది పేరు పెట్టి పిలవడం. మెదడు బాగా దెబ్బతిన్న మనిషి కూడా మిగతా చప్పుళ్ల కంటే తన పేరుకే ఎక్కువగా తిరుగుతాడని పరిశోధకులు చూపించారు. మరి మా బావను ఎవరు ఏ పేరుతో పిలిచారు? దుబాయిలో నర్సులు పాస్‌పోర్టు చూసి పిలిచారు. అందులో ముందున్నది ఇంటిపేరు. నాలుగు నెలలు ఆయన్ని వాళ్ల యాసలో, ఇంటిపేరుతో పిలిచారు. 'ఓపెన్ యువర్ ఐస్' అన్నారు, హిందీలో 'ఆంఖే ఖోలో' అన్నారు. హైదరాబాద్‌లో ఆధార్ కార్డు మీది పేరుకు 'గారు' తగిలించి 'కళ్లు తెరవండి' అన్నారు. మా అక్క పెండ్లయిన ఇరవై ఏండ్లలో ఆయన పేరు ఒక్కసారీ నోట పలకలేదు. మా దగ్గర ఆడవాళ్లు పెనిమిటి పేరు తీయరు. 'ఇగో' అంటారు, 'ఇంటున్నవా' అంటారు, లేదంటే 'పిల్ల నాయిన'. తోటి దోస్తులంతా దుబాయిలోనే ఉండిపోయారు. పుట్టినప్పటి నుంచి ఆయన్ని పిలిచే పేరుతో పిలవగలిగిన మనిషి ఆయన తల్లి ఒక్కతే. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్లు పనిచేయవు. ఐసీయూ దాకా ఎవరూ తీసుకుపోలేదు.

ఇంటికి తెచ్చాక ఆమె మంచం పట్టె పట్టుకొని కూర్చొని "చిన్నోడా" అన్నప్పుడు ఆయన తల కొద్దిగా ఆమె వైపు కదిలింది. నేను చూశాను. చూసి 'అది అసంకల్పిత చర్య, దానంతటదే జరుగుతది' అని అక్కకు చెప్పాను. పాఠంలో ఉన్న మాట అది. ఆ మాట అంత తొందరగా నోటికి వచ్చినందుకు ఇప్పటికీ బాధపడతాను. ఒక తల్లి చూసిన దాన్ని నేను ఒక పదంతో కొట్టేశాను.

నా కండ్లు తెరిపించింది సెలూన్ నడిపే పెద్దమనిషి. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి బావకు గడ్డం తీసేవాడు. దసరాకు ముందు ఒక ఆదివారం పని అయ్యాక, దుకాణంలో అందరికీ చూపించినట్టే అలవాటుగా చేతి అద్దాన్ని బావ ముఖం ముందు పెట్టాడు. ఫ్యాను మీదున్న చూపు అద్దం మీద నిలబడింది. అద్దాన్ని పక్కకు జరిపితే చూపూ జరిగింది. ఇటు తెస్తే ఇటు వచ్చింది. "సారూ, ఈయన సూస్తుండు" అన్నాడు. నేను పెన్ను తీసి ముఖం ముందు ఆడించాను. చూపు కదల్లేదు. అద్దం మళ్లీ పెట్టాం. కదిలింది.

ఆ రాత్రి ఫోనులో వెతుక్కుంటూ కూర్చున్నాను. మెదడు దెబ్బతిన్న వాళ్ల సోయిని కొలవడానికి 'కోమా రికవరీ స్కేల్' అనే పరీక్ష ఒకటి ఉంది. దాని సవరించిన రూపాన్ని అమెరికాలో జోసెఫ్ జియాసినో, ఆయన తోటి పరిశోధకులు 2004లో అచ్చు వేశారు. వినడం, చూడడం, కదలడం, నోరు, సంభాషణ, మెలకువ, ఇలా ఆరు విభాగాలు. దానికి యంత్రం అక్కర్లేదు. ఓపికగా అరగంట సేపు మంచం పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ పరీక్షలో చూపు వెంబడిస్తుందా అని చూడడానికి వాడమని చెప్పేది పెన్ను కాదు, వేలు కాదు, టార్చిలైటు కాదు. అద్దం. మనిషి ముఖాన్నో, వస్తువునో వెంబడించని వాళ్లు కూడా అద్దంలో తమ ముఖాన్ని వెంబడిస్తారని బెల్జియంలోని లీజ్ నగరం పరిశోధకులు 2008లో చూపారు. కోరుట్ల సెలూన్ పెద్దమనిషి ఏమీ చదవకుండానే సరైన పరికరం పట్టుకొచ్చాడు.

అదే లీజ్ బృందం 2009లో ఇంకో లెక్క తేల్చింది. డాక్టర్లంతా కలిసి 'వీళ్లకు సోయి లేదు' అని తేల్చిన 44 మందిని ఈ స్కేలుతో పద్ధతిగా మళ్లీ చూశారు. వాళ్లలో 18 మందికి ఎంతో కొంత సోయి ఉంది. పదిమందిలో నలుగురు! చూసింది అనుభవం లేని డాక్టర్లు కాదు. సోయి అనేది కరెంటు బల్బులా వెలిగే ఆరే వస్తువు కాకపోవడమే అసలు కారణం. పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు. ఫిట్స్ గోలీ మత్తులో అణిగిపోతుంది. కండరాలు బిగుసుకుపోకుండా ఇచ్చే మందుతో అణుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, తలలో నీరు చేరినా అణుగుతుంది. ఇవన్నీ వైద్యంతో సరిచేయగలిగినవే. అందుకే ఒక్కసారి చూసి చెప్పొద్దని, తక్కువ రోజుల వ్యవధిలో కనీసం ఐదుసార్లు పరీక్షించాలని 2017లో అదే నగరం నుంచి వచ్చిన అధ్యయనం చెప్పింది. మా బావను హైదరాబాద్‌లో రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు చూసింది రోజుకు రెండు మూడు నిమిషాలు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆ వార్డులో ఎంతమంది రోగులున్నారో చూశాను కదా.

నాకు తెలిసిన విద్య ఒకటే, ప్రయోగం చేయించడం. నోటుబుక్కు కొన్నాను. అక్కను అడిగితే కుడిచేతి బొటనవేలు అప్పుడప్పుడు కదులుతుందంది. పొద్దున తానం అయ్యాక ఇరవైసార్లు చూడాలనుకున్నాం. పదిసార్లు "బొటనవేలు కదుపు" అని చెప్పి పదిహేను సెకండ్లు చూడడం, పదిసార్లు ఏమీ చెప్పకుండా అంతే సేపు చూడడం. ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చుకునేవాణ్ని. ఊరికే కదిలేదైతే రెండు లెక్కలూ దాదాపు సమానంగా రావాలి. చెప్పింది విని కదిపితే తేడా రావాలి. మొదటి వారం ఏ తేడా లేదు. అక్క అన్నది: "తమ్మీ, నువ్వు బళ్లె పిల్లలకు చెప్పినట్టు చెప్తున్నవు. నన్ను చెప్పనియ్యి." ఆమె చాట పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, ఆయన చెవి దగ్గరికి వంగి "ఇగో... ఏలు కదుపు జరా" అనేది. రెండో వారం నుంచి అడిగిన పదిలో ఐదారుసార్లు కదిలింది, అడగకుండా చూసినప్పుడు ఒకటి. జ్వరం వచ్చిన రోజుల్లో అసలు లేదు. పసుపు వండే రోజుల్లో ఆ వాసన అర్రలోకి వచ్చినప్పుడు ఎక్కువ ఉందని అక్క అనేది. అది మాత్రం నేను లెక్క కట్టలేదు.

ఆ నోటుబుక్కు కరీంనగర్‌లో ఒక న్యూరాలజిస్టుకు చూపించాను. ఆయన అన్ని పేజీలూ చదివాడు. తర్వాత ఇంటికే వచ్చి చూశాడు, కొత్త కాగితం రాశాడు. 'మినిమల్లీ కాన్షియస్', అంటే కొంచెం సోయి ఉంది, అదీ వచ్చిపోతుంటుంది.

'కొంచెం' అన్న ఆ ఒక్క మాటతో ఇంట్లో ఏం మారిందో చెప్తాను. ఆయన నడుం కింద పుండు పడింది, అరచేయంత. అప్పటిదాకా రోజూ దాన్ని కడిగి, గాజుగుడ్డ లోపలికి తోసి కట్టేవాళ్లం. నొప్పి గోలీ ఇచ్చేవాళ్లం కాదు. సోయి లేనివాడికి నొప్పేమిటి! కట్టు కట్టేటప్పుడు ఆయన నుదురు ముడుచుకునేది, దవడ బిగిసేది. దాన్నీ అసంకల్పితం లెక్కలోనే వేశాం. కొత్త కాగితం వచ్చాక కట్టుకు అరగంట ముందు నొప్పి మందు నూరి పైపులో పోసేవాళ్లం. నుదురు ముడుచుకోవడం ఆగిపోయింది. ఏడు నెలలు ఆ మనిషి ప్రతి పొద్దూ ఏం అనుభవించాడో తలచుకుంటే నాకిప్పటికీ అన్నం సయించదు.

ఇక యంత్రాల సంగతి. నోటుబుక్కుకు కూడా అందని మనుషులున్నారు. వేలు కాదు కదా రెప్ప కూడా కదపలేరు, అద్దాన్నీ చూడలేరు. అయినా లోపల ఉన్నారు. 2006లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త, రోడ్డు ప్రమాదంలో మెదడు దెబ్బతిని ఐదు నెలలుగా ఉలుకూ పలుకూ లేని 23 ఏండ్ల యువతిని ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి 'టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో' అన్నాడు. కదలికలకు ముందు సిద్ధపడే మెదడు భాగంలో రక్తప్రవాహం పెరిగింది. 'నీ ఇంట్లో ఒక్కో గదిలోకీ నడిచిపోతున్నట్టు ఊహించుకో' అంటే దారులను గుర్తుపట్టే భాగాలు పనిచేశాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడులో కనిపించేదే ఆమెలోనూ కనిపించింది. ఆమె వింటోంది, అర్థం చేసుకుంటోంది, చెప్పిన పని చేస్తోంది. 2010లో ఓవెన్, లీజ్‌కు చెందిన స్టీవెన్ లారీస్ బృందాలు కలిసి 54 మందిని చూస్తే ఐదుగురు అలా చేయగలిగారు. ఒకరు 'అవునైతే టెన్నిస్, కాదంటే ఇల్లు' అనే పద్ధతిలో ప్రశ్నలకు జవాబులు కూడా చెప్పారు.

మా బావకు టెన్నిస్ తెలియదు. ఆయన్ని ఆ యంత్రంలో పెట్టి అడగాలంటే పార పట్టి ఒడ్డు చెక్కుతున్నట్టు ఊహించుకోమనాలి. మా అక్కనైతే తునికాకులో తంబాకు పోసి బీడీ చుట్టుతున్నట్టు. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర ఈ పరీక్ష చేసేనాడు ఏ పని అడగాలి, ఏ మాటల్లో అడగాలి అన్నది ఇక్కడి వాళ్లే తేల్చాలి.

సోయి ఉంటే ఎందుకు కదలరు అని మా బడిలో పిల్లలు అడిగారు. పొలం దగ్గర మోటరు సంగతి చెప్పాను. లైనులో కరెంటు ఉంది, స్టార్టరు పనిచేస్తోంది, కానీ స్టార్టరు నుంచి మోటరుకు పోయే వైరు తెగింది. బావిలో నీళ్లున్నా పైకి రావు. మెదడు లోతుల్లో థలమస్ అనే భాగం ఉంటుంది. అక్కడి నుంచి కదలికలను నడిపే పైపొరకు పోయే తంతువులు తెగిన వాళ్లలో ఇలా జరుగుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి.

2024 ఆగస్టులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఇలాంటివాళ్లు ఎందరన్నది పెద్ద ఎత్తున తేలింది. ఆరు కేంద్రాల్లో 353 మందిని చూశారు. మంచం పక్కన ఎంత చెప్పినా ఏ స్పందనా చూపనివాళ్లు 241 మంది. ఎఫ్‌ఎంఆర్‌ఐతోనో, తలకు తీగలు పెట్టి తీసే ఈఈజీతోనో చూస్తే వాళ్లలో 60 మంది చెప్పిన పనిని మనసులో చేస్తున్నారు. నలుగురిలో ఒకరు. ఇంకో అంకె ఉంది, నాకు అదే ముఖ్యమనిపించింది. మంచం మీద కంటికి కనిపించేలా స్పందించే 112 మందిలో ఆ యంత్ర పరీక్షలో నెగ్గినవాళ్లు 43 మందే. మిగిలిన 69 మందికి సోయి ఉన్నట్టు కండ్లతో చూస్తున్నా యంత్రం పట్టుకోలేకపోయింది. అంటే యంత్రం 'ఉంది' అంటే నమ్మొచ్చు, 'లేదు' అంటే ముగిసిపోయినట్టు కాదు.

ఇది పనికొచ్చే జ్ఞానమేనా, తెలుసుకొని ఏం చేస్తాం అని అడిగేవాళ్లకు న్యూయార్క్‌లో 2019లో వచ్చిన ఫలితం చెప్తాను. ఐసీయూలో ఉన్న 104 మందికి, దెబ్బతిన్న కొద్ది రోజులకే, ఈఈజీ తీశారు. 16 మందిలో దాగిన సోయి కనిపించింది. ఏడాది తర్వాత చూస్తే అలాంటివాళ్లలో 44 శాతం రోజులో ఎనిమిది గంటలైనా ఒకరి సాయం లేకుండా ఉండగలిగే స్థితికి వచ్చారు. సోయి కనిపించనివాళ్లలో 14 శాతమే. ఎవరికి ఫిజియోథెరపీ ఆపకూడదు, ఎవరిని 'ఇంటికి తీస్కపోండ్రి' అనకూడదు అన్నది మొదటి వారాల్లోనే తెలిసే వీలుంది. 2012లో 184 మందితో జరిగిన ప్రయోగంలో అమాంటడిన్ అనే గోలీ, పార్కిన్‌సన్ జబ్బుకు వాడే పాత మందే, ఇచ్చిన నాలుగు వారాల్లో కోలుకునే వేగాన్ని పెంచింది. దెబ్బతిన్న ఒకటి నుంచి నాలుగు నెలల లోపు వాళ్ల మీద చేసిన ప్రయోగం అది. డాక్టరు చూసి రాయాల్సిన మందు, సొంతంగా కొని వేసేది కాదు. మా బావ ఆ నాలుగు నెలలూ ఇంటిపేరుతో పిలిపించుకుంటూ గడిపాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నా రాత వల్ల చెడు జరగొచ్చు. ఇదంతా బ్రెయిన్ డెత్ గురించి కాదు. మెదడు కాండం పనిచేయడం శాశ్వతంగా ఆగిపోయి, వెంటిలేటర్ తీస్తే సొంతంగా ఒక్క శ్వాస కూడా రాని స్థితి అది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు పెడితేనే అది బ్రెయిన్ డెత్. అది మరణమే, అందులో సోయి దాగి ఉండదు. అవయవదాన పథకం జీవన్‌దాన్‌కు అవయవాలిచ్చిన కుటుంబాలు చేసింది గొప్ప పని. మా బావ సొంతంగా ఊపిరి తీసుకునేవాడు, నిద్రపోయేవాడు, లేచేవాడు. ఈ రెండింటినీ ఒకే 'కోమా' సంచిలో వేసి మాట్లాడడం వల్లే మన దగ్గర ఇంత గందరగోళం. 2019 జులైలో సూర్యాపేట జిల్లాలో ఒక యువకుణ్ని బ్రెయిన్ డెడ్ అన్నారని ఇంటికి తెస్తే, అంత్యక్రియలకు ఏర్పాట్లు జరుగుతుండగా కొడుకు కంట్లో నీరు తల్లి చూసింది. అతను బతికాడు. పత్రికలు 'అద్భుతం' అని రాశాయి. నాకైతే చట్టం చెప్పిన పరీక్షలు పూర్తయ్యాకే ఆ మాట నోటినుంచి రావాలన్న హెచ్చరికలా కనిపించింది. ఆ తల్లి చూపును ఎవరూ అసంకల్పితం అని కొట్టేయకపోవడం ఆ పిల్లవాడి అదృష్టం.

పక్కన ఉండి చూసేవాళ్ల మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. ముంబయి కేఈఎం దవాఖాన నర్సు అరుణా శాన్‌బాగ్‌ మీద 1973 నవంబరులో దాడి జరిగింది, 2015 మేలో ఆమె చనిపోయింది. నలభై ఒక్క ఏండ్లకు పైగా ఆమెను ఆ దవాఖాన నర్సులే చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపాలని వేసిన పిటిషన్ ఆమెను జీవచ్ఛవంగా చూపించింది. రోజూ తానం పోసి తినిపించినవాళ్లు వేరేగా చెప్పారు: చేపలంటే ఇష్టపడుతుంది, ముఖంలో తెలుస్తుంది, శబ్దాలు చేస్తుంది. కోర్టు వేసిన ముగ్గురు డాక్టర్ల కమిటీ వెజిటేటివ్ స్టేట్ లక్షణాలు చాలావరకు సరిపోతున్నాయని రాసింది. 2011 మార్చి 7న కోర్టు, కొన్ని షరతులతో ప్రాణాధార వైద్యం ఆపే దారి తెరుస్తూనే, అరుణ విషయంలో నర్సుల పక్షానే నిలబడింది. అలాంటి దారి ఉండకూడదని నేననను. 2018లో రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా చనిపోయే హక్కును గుర్తించింది, అది న్యాయమే. లోపల సోయి ఉండి, నొప్పితో ఏండ్లు పడి ఉన్న మనిషి ఇక చాలు అనుకోవచ్చు. నా తగువు ఒక్కటే, ఏ నిర్ణయమైనా ఆ మనిషి ఉన్నాడా లేడా అని సరిగ్గా చూశాకే జరగాలి.

చూసేవాళ్లు ఎవరు? జగిత్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సిరిసిల్లలో 2023లో వచ్చింది. ఒక్కో కాలేజీలో ఇద్దరు ఫిజియోథెరపిస్టులకు, ఇద్దరు నర్సులకు కోమా రికవరీ స్కేలులో తర్ఫీదు ఇవ్వడానికి పెద్ద ఖర్చు లేదు. కొత్త భవనం అక్కర్లేదు. చేతి అద్దం, గంట, ఒక కప్పు, ఒక దువ్వెన, ఒక బంతి చాలు. పరీక్ష కాగితాన్ని తెలుగులోకి తేవాలి, అదీ ఇక్కడి తెలుగులోకి. 'మీ బొటనవేలిని కదిలించండి' అంటే మా అత్తగారి ఊళ్లో ముసలాయనకు తననే అంటున్నారని తెలియదు. ప్రభుత్వ పాలియేటివ్ కేర్ వాళ్లు 'ఆలన' బండ్లలో మంచాన పడ్డవాళ్ల ఇండ్లకు వస్తున్నారు. వాళ్లకే ఈ పని నేర్పితే ఐదుసార్లు చూడడం కష్టం కాదు. తేడా కనిపించినవాళ్లను నిమ్స్ లాంటి చోటికి ఈఈజీ కోసం పంపొచ్చు. ఈఈజీ యంత్రాలు మన పెద్ద దవాఖానల్లో ఉన్నవే. ఫిట్స్ కోసం వాటిని వాడేవాళ్లు సోయి కోసం వాడడం నేర్చుకోవాలి.

గల్ఫు నుంచి వచ్చేవాళ్ల సంగతి వేరుగా చూడాలి. 2021లో మా పక్క సిరిసిల్ల జిల్లా కార్మికుడొకరు దుబాయిలో మెదడు దెబ్బతిని నెలల తరబడి సోయి లేకుండా ఉంటే, అక్కడి దవాఖాన మూడు కోట్లకు పైగా బిల్లు మాఫీ చేసి హైదరాబాద్‌కు పంపింది. మంచి పని చేసినవాళ్లను మెచ్చుకున్నాం. విమానం దిగాక ఆ ఇంటి బతుకు ఎట్లా ఉంటుందో వార్తల్లో రాదు. గల్ఫులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. సంతోషం. చనిపోకుండా స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ల ఇండ్లను కూడా అందులో చేర్చాలని అడుగుతున్నాను. బావను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, గొంతు పైపులో గల్ల తీయాలి, జావ పోయాలి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మా అక్క నాలుగు వందలకు దిగింది. తంబాకు పొడి గాల్లో ఆయన గొంతులోకి పోతుందని చాట మళ్లీ వాకిట్లోకి జరిపింది, అక్కడి నుంచే గట్టిగా మాట్లాడుతూ కట్టలు లెక్కపెట్టేది. ఆయన ఏకాకిగా ఉన్నట్టు అనుకోవద్దని.

భూమి మాట మిగిలింది. నోటుబుక్కు లెక్క తేలాక అక్క నాతో అన్నది: "ఆ దినం నువ్వన్న మాట ఆయన ఇనే ఉంటడు. నువ్వే చెప్పు." చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మంచం పట్టె మీద కూర్చొని చేయి పట్టుకొని "బావా, తప్పయింది" అన్నాను. అప్పు ఎంతో చెప్పాను, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పాను. అమ్ముడు వద్దంటే ఏలు కదుపు అన్నాను. కదిపాడు. కాసేపాగి తిప్పి అడిగాను, అమ్ముమంటే కదుపు అని. కదపలేదు. తెల్లారి అడిగితే ఒకసారి తారుమారైంది, ఇంకోసారి మొదటిలాగే వచ్చింది. నాలుగుసార్లలో మూడు. దాన్ని జవాబు అని ఏ డాక్టరు ముందూ నేను వాదించలేను. అక్కకు అది చాలింది. రోడ్డు పక్కన ఇరవై గుంటలు అమ్మింది, ఎకరం ఉంచింది. ఆయన 2018 జనవరిలో నిమోనియాతో పోయాడు. ఎకరం ఇప్పటికీ ఉంది, మొన్న పసుపు పెట్టారు.

మొన్నామధ్య మెట్‌పల్లి అవతలి ఊరి నుంచి ఒకామె ఫోను చేసింది. కొడుకు బండి మీంచి పడి రెండు నెలలైంది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు, తెచ్చుకున్నారు. మా సంగతి ఎవరో చెప్పారట. ముందు ఆ పిల్లవాణ్ని ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగాను. చెప్పింది. ఏ గోలీలు ఇస్తున్నారో పేర్లు రాసుకొని, ఒక డాక్టరు నంబరు ఇచ్చాను. తర్వాత ఇంట్లో అద్దం ఉందా అని అడిగాను.

"గోడకున్నది సారు, పెద్దది. పక్కింట్ల చిన్నది ఉండచ్చు, అడుక్కస్త. ఎంతసేపు పట్టాలె?"

ముఖానికి జానెడు దూరంలో పట్టమన్నాను. మెల్లగా ఒక పక్కకు, తర్వాత ఇంకో పక్కకు. పొద్దున, పిల్లవాడు బాగా మెలకువగా ఉన్నప్పుడు. ఇయ్యాల కదలకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. ఒక నోటుబుక్కు పెట్టుకొని తేదీ వేసి రాయమన్నాను.